తిన్న అన్నం శక్తిగా మారేదెక్కడ? ఊపిరి అసలు పని కణం లోపలే

మధ్యాహ్నం ఒక ప్లేటు బిర్యానీ తిన్న మనిషి సాయంత్రం దాకా నడుస్తాడు, మాట్లాడతాడు, బండి తోలుతాడు, లెక్కలు రాస్తాడు. పడుకున్నా గుండె కొట్టుకుంటూనే ఉంటుంది. ఇదంతా ఆ అన్నం బలమేనని చిన్నపిల్లలను అడిగినా చెబుతారు. కానీ కడుపులోకి వెళ్లిన అన్నం చేతి కండరంలో బలంగా ఎలా మారిందని అడిగితే పెద్దవాళ్లు కూడా "అరిగింది కదా" అని ఊరుకుంటారు. అరగడం వేరు, శక్తి రావడం వేరు.

అరుగుదల అంటే పెద్ద ముక్కలను చిన్న ముక్కలు చేయడం. అన్నంలోని పిండిపదార్థం గ్లూకోజ్‌గా, మాంసంలోని ప్రొటీన్ అమైనో ఆమ్లాలుగా, నెయ్యిలోని కొవ్వు కొవ్వు ఆమ్లాలుగా విడిపోయి రక్తంలోకి చేరతాయి. అప్పటికి శక్తి ఇంకా బయటికి రాలేదు. సరుకు గోదాములోంచి దుకాణానికి చేరింది, అంతే. అసలు బేరం జరిగేది కణం లోపల. దాని పేరే కణశ్వాసక్రియ. ముక్కుతో పీల్చిన గాలి కూడా చివరికి చేరేది అక్కడికే.

ఇది పదో తరగతి పాఠమే కదా అని పక్కన పెట్టడానికి లేదు. గ్యాస్ గీజర్ ఉన్న బాత్రూంలో మనిషి ఎందుకు కుప్పకూలతాడు? సెప్టిక్ ట్యాంకులోకి దిగినవాళ్లు క్షణాల్లో ఎందుకు పడిపోతారు? షుగర్ ఉన్నవాళ్లకు రక్తంలో అంత చక్కెర ఉన్నా నీరసం ఎందుకు? బరువు తగ్గిస్తాయనే కొన్ని మాత్రలు ప్రాణం ఎందుకు తీస్తాయి? ఈ ప్రశ్నలన్నిటికీ జవాబు ఈ ఒక్క లెక్కలోనే దొరుకుతుంది.

నిప్పు కనిపించని మంట

1780ల్లో ఫ్రాన్స్‌లో ఆంటోయిన్ లావోయిజర్ అనే శాస్త్రవేత్త, లాప్లాస్ అనే గణిత పండితుడు కలిసి ఒక పరీక్ష చేశారు. చుట్టూ మంచు నింపిన పాత్రలో ఒక గినీ పందిని ఉంచారు. దాని ఒంటి వేడికి ఎంత మంచు కరిగిందో కొలిచారు, అది ఎంత కార్బన్ డయాక్సైడ్ వదిలిందో కూడా చూశారు. తర్వాత బొగ్గు కాల్చి అవే కొలతలు తీశారు. రెండు లెక్కలూ దగ్గరదగ్గరగా వచ్చాయి. శ్వాస అంటే నెమ్మదిగా సాగే మంటేనని వాళ్లు తేల్చారు.

ఆ మాట నిజమే. అయితే లావోయిజర్ ఈ మంట ఊపిరితిత్తుల్లో జరుగుతుందని అనుకున్నాడు. అది జరిగేది ఒంట్లోని కణాల్లో అని తెలియడానికి ఇంకా చాలా కాలం పట్టింది.

మంటకూ కణానికీ మధ్య ఒక పెద్ద తేడా ఉంది. 180 గ్రాముల గ్లూకోజ్ పూర్తిగా కాలితే సుమారు 686 కిలో కేలరీల శక్తి వస్తుంది. పొయ్యిలో వేస్తే అదంతా ఒక్కసారిగా వేడిగా బయటికి వచ్చేస్తుంది. కణంలో అలా జరిగితే కణమే ఉడికిపోతుంది. మన ఒంటి వేడి 38 డిగ్రీలకు చేరితేనే జ్వరం అంటాం. అందుకే కణం ఆ శక్తిని ఒకేసారి విడుదల చేయదు. మేడ మీది నుంచి దూకకుండా మెట్టు మెట్టుగా దిగినట్టు, గ్లూకోజ్‌ను చాలా అంచెల్లో విడగొడుతుంది. ప్రతి అంచెకూ ఒక ఎంజైమ్ కాపలా ఉంటుంది. మొదట, చివర చూస్తే మాత్రం లెక్క పొయ్యిలోదే: ఒక గ్లూకోజ్ అణువు, ఆరు ఆక్సిజన్ అణువులు లోపలికి, ఆరు కార్బన్ డయాక్సైడ్, ఆరు నీటి అణువులు బయటికి.

నోటు చెల్లదు, చిల్లర కావాలి

షేర్ ఆటో దిగి పది రూపాయల కిరాయికి 500 నోటు ఇస్తే డ్రైవర్ తీసుకోడు. డబ్బు ఉంది, కానీ ఆ పనికి పనికిరాదు. కణం పరిస్థితి కూడా ఇదే. కండరం ఒక్కసారి ముడుచుకోవడానికో, నరం ఒక సంకేతం పంపడానికో కావలసింది చాలా చిన్న మొత్తం. గ్లూకోజ్ పెద్ద నోటు. దాన్ని చిల్లరగా మార్చాలి. ఆ చిల్లర పేరు ఏటీపీ, అంటే ఎడినోసిన్ ట్రై ఫాస్ఫేట్.

ఈ అణువుకు చివర మూడు ఫాస్ఫేట్లు వరసగా ఉంటాయి. మూడోది విడిపోయినప్పుడు పనికి సరిపడా శక్తి వస్తుంది. మిగిలింది ఏడీపీ, అంటే రెండు ఫాస్ఫేట్లది. దానికి మళ్లీ మూడో ఫాస్ఫేట్ తగిలిస్తే తిరిగి ఏటీపీ తయారు. ఆ తగిలించే పని కోసమే మనిషి తినేదీ, ఊపిరి పీల్చేదీ.

శరీరం ఖాతాలను ఇలా చూడొచ్చు. కొవ్వు ఫిక్స్‌డ్ డిపాజిట్ లాంటిది. గ్రాముకు 9 కిలో కేలరీలు ఉంటాయి కానీ తీయడానికి టైం పడుతుంది. కాలేయంలో, కండరాల్లో దాచిన గ్లైకోజెన్ సేవింగ్స్ ఖాతా. కాలేయంలో దాదాపు 100 గ్రాములు, కండరాల్లో దాదాపు 400 గ్రాములు ఉంటుంది. రక్తంలోని గ్లూకోజ్ జేబులోని నోటు. ఏటీపీ చేతిలోని చిల్లర.

ఈ చిల్లర ఎంత వేగంగా తిరుగుతుందో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. ఒంట్లో ఏ క్షణాన చూసినా ఉండే ఏటీపీ మొత్తం 100 గ్రాములకు మించదు. కానీ కదలకుండా కూర్చున్న మనిషి కూడా రోజుకు దాదాపు 40 కిలోల ఏటీపీ వాడతాడు. అంటే ఒక్కో అణువు రోజుకు వందల సార్లు ఖర్చయి, మళ్లీ నిండుతుంది. చిల్లర దాచుకోవడానికి గల్లా పెట్టె లేదు. తయారీ ఆగితే కొన్ని నిమిషాల్లోనే అంతా ఖాళీ. ఊపిరి ఎందుకు ఆపకూడదో ఈ ఒక్క అంకె చెబుతుంది.

ఈ చిల్లరను కనుక్కున్నవారిలో ఒక తెలుగువాడు

ఏటీపీ కథలో భీమవరం పేరు ఉంది. యల్లాప్రగడ సుబ్బారావు 1895లో అక్కడే పుట్టారు. మద్రాసు మెడికల్ కాలేజీలో చదివారు. స్వదేశీ ఉద్యమ ప్రభావంతో ఖద్దరు గౌను వేసుకున్నందుకు ఒక ప్రొఫెసర్ ఆగ్రహానికి గురై, ఎంబీబీఎస్‌కు బదులు తక్కువ స్థాయి ఎల్ఎంఎస్ పట్టాతో బయటికి వచ్చారని ఆయన జీవితచరిత్రలు చెబుతాయి. 1923లో అమెరికా వెళ్లి హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్ దగ్గర చేరారు.

ఇద్దరూ కలిసి మొదట రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి తయారు చేశారు. రంగు చిక్కదనాన్ని బట్టి లెక్క తేలే ఆ ఫిస్క్-సుబ్బారావు పద్ధతి 1925లో అచ్చయింది. దాని చేత్తోనే 1927లో కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థాన్ని పట్టుకున్నారు. అప్పటిదాకా కండరం ముడుచుకోవడానికి లాక్టిక్ ఆమ్లమే కారణమని పెద్ద శాస్త్రవేత్తలు నమ్మేవారు. ఆ కోవలో పనిచేసిన ఆర్చిబాల్డ్ హిల్, ఒట్టో మేయర్‌హాఫ్‌లకు 1922 నోబెల్ బహుమతి కూడా వచ్చింది. ఫాస్ఫోక్రియాటిన్ బయటపడటంతో ఆ నమ్మకానికి బీటలు పడ్డాయి. 1929లో ఫిస్క్, సుబ్బారావు కండరంలో ఏటీపీని వేరు చేశారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా విడిగా దాన్నే కనుక్కున్నారు. శక్తి ఏటీపీ రూపంలోనే చేతులు మారుతుందన్న విషయాన్ని 1941లో ఫ్రిట్జ్ లిప్‌మన్ స్పష్టంగా చెప్పారు.

సుబ్బారావుకు నోబెల్ రాలేదు. 1940లో లెడర్లే కంపెనీలో పరిశోధనకు వెళ్లారు. అక్కడ ఆయన నాయకత్వంలో వచ్చినవే ఫోలిక్ ఆమ్లం తయారీ, బోదకాలు జబ్బుకు వాడే డీఈసీ మందు. బోదకాలు నివారణకు తెలుగు రాష్ట్రాల్లో ఇంటింటికీ పంచిన మాత్రల్లో ఆ డీఈసీ ఉంది. 1948లో 53 ఏళ్ల వయసులో న్యూయార్క్‌లో కన్నుమూశారు. శతజయంతి ఏడాది 1995లో భారత ప్రభుత్వం ఆయన పేరిట తపాలా బిళ్ల విడుదల చేసింది.

పరుగు పందెంలో మొదటి కొన్ని సెకన్లు నడిపేది ఆయన పట్టుకున్న ఆ ఫాస్ఫోక్రియాటినే. కండరంలో సిద్ధంగా ఉన్న ఏటీపీ రెండు మూడు సెకన్లకు సరిపోతుంది. ఫాస్ఫోక్రియాటిన్ దాన్ని పది సెకన్ల దాకా లాగుతుంది. ఆ తర్వాత గ్లూకోజ్ నోటు విడిపించక తప్పదు.

మొదటి అంచె: గాలి అవసరం లేని పని

గ్లూకోజ్ కణంలోకి వచ్చాక మొదటి పని దాన్ని రెండు ముక్కలు చేయడం. దీన్ని గ్లైకాలసిస్ అంటారు. ఆరు కార్బన్ల గ్లూకోజ్ మూడేసి కార్బన్లున్న రెండు పైరువేట్ అణువులుగా విడిపోతుంది. లాభం రెండు ఏటీపీలు. దీనికి ఆక్సిజన్ అక్కర్లేదు.

ఆక్సిజన్ అందకపోతే కణం ఇక్కడితోనే సరిపెట్టుకుంటుంది. మెట్లు గబగబా ఎక్కినప్పుడు, బరువులు ఎత్తినప్పుడు కండరానికి ఆక్సిజన్ చాలదు. అప్పుడు పైరువేట్ లాక్టిక్ ఆమ్లంగా మారుతుంది. రెండు ఏటీపీలే వచ్చినా త్వరగా వస్తాయి కాబట్టి ఆ నిమిషం గడుస్తుంది. మొదటిసారి జిమ్‌కు వెళ్లినవాళ్లకు మర్నాడు ఒళ్లంతా నొప్పులు వస్తాయి. అది ఈ ఆమ్లం వల్లే అని చాలామంది చెబుతారు, అది తప్పు. లాక్టిక్ ఆమ్లం గంట, రెండు గంటల్లోనే రక్తంలోంచి వెళ్లిపోతుంది. మర్నాటి నొప్పి కండరపు పోగుల్లో పడ్డ చిన్న చిన్న గాయాలది.

వంటింట్లో రోజూ కనిపించేదీ ఇదే అంచె. పాలను పెరుగు చేసే బాక్టీరియా పాలలోని చక్కెరను లాక్టిక్ ఆమ్లంగా మారుస్తుంది. ఇడ్లీ పిండి రాత్రికి రాత్రి పొంగేది బాక్టీరియా వదిలే కార్బన్ డయాక్సైడ్ వల్ల. బేకరీలో ఖమీర్ కలిపిన రొట్టె పిండి ఉబ్బేది ఈస్ట్ కణాలు వదిలే అదే గాలి వల్ల. ఆ సూక్ష్మజీవులు అవి బతకడానికి ఏటీపీ సంపాదించుకుంటున్నాయి. మనకు మిగిలేవి పులుపూ, పొంగూ.

ఒంట్లో పూర్తిగా ఈ అంచె మీదే బతికే కణం ఒకటుంది: ఎర్ర రక్తకణం. దానికి మైటోకాండ్రియా లేవు. ఒంటి నిండా ఆక్సిజన్ మోసేది అదే, కానీ తన కోసం అందులో ఒక్క అణువు కూడా వాడుకోదు.

రెండో అంచె: మైటోకాండ్రియా ఫ్యాక్టరీ

ఆక్సిజన్ ఉంటే పైరువేట్ మైటోకాండ్రియా అనే చిన్న గదుల్లోకి వెళ్తుంది. అక్కడ అది ముక్కలై ఒక చక్రంలో తిరుగుతుంది. దాని పేరు క్రెబ్స్ వలయం. హాన్స్ క్రెబ్స్ యూదుడు కావడంతో 1933లో నాజీల పాలనలో ఉద్యోగం పోగొట్టుకుని ఇంగ్లండ్ చేరారు. పావురం రొమ్ము కండరాన్ని నలగ్గొట్టి చేసిన పరీక్షలతో 1937లో ఈ వలయాన్ని తేల్చారు. నేచర్ పత్రికకు పంపితే, ఏడెనిమిది వారాలకు సరిపడా ఉత్తరాలు ఇప్పటికే ఉన్నాయని తిప్పి పంపింది. వేరే పత్రికలో అచ్చయిన ఆ పనికే 1953లో నోబెల్ వచ్చింది.

ఈ వలయంలో ఆహారంలోని కార్బన్ అంతా కార్బన్ డయాక్సైడ్‌గా విడిపోతుంది. ముక్కులోంచి బయటికి వచ్చే ఆ గాలిలోని కార్బన్ నిన్నో మొన్నో తిన్న అన్నం, రొట్టె, పప్పులోదే. నేరుగా వచ్చే ఏటీపీ మాత్రం ఇక్కడ కూడా గ్లూకోజ్‌కు రెండే. అసలు సంపాదన ఇంకో రూపంలో ఉంటుంది. ఆహారంలోని హైడ్రోజన్, దాని ఎలక్ట్రాన్లతో సహా ఎన్ఏడీ, ఎఫ్ఏడీ అనే బండ్ల మీదికి ఎక్కుతుంది. ఆ బండ్లు సరుకును చివరి అంచెకు తీసుకెళ్తాయి.

మూడో అంచె: డ్యామూ, టర్బైనూ

మైటోకాండ్రియా లోపలి పొర మీద కొన్ని ప్రొటీన్లు వరసగా ఉంటాయి. ఎలక్ట్రాన్లు ఒకదాని చేతిలోంచి ఇంకోదాని చేతిలోకి మారుతూ పోతాయి. మారిన ప్రతిసారీ కొంచెం శక్తి వస్తుంది. ఆ శక్తితో ప్రోటాన్లను పొరకు అవతలికి తోడి పోస్తాయి. నాగార్జునసాగర్‌లో ఆనకట్ట వెనక నీళ్లు నిలబడ్డట్టు పొరకు ఒకవైపు ప్రోటాన్లు పోగవుతాయి. తిరిగి లోపలికి రావడానికి వాటికి ఒకే ప్రధాన దారి ఉంటుంది. ఆ దారిలో ఏటీపీ సింథేజ్ అనే యంత్రం ఉంది. ప్రోటాన్లు దాని గుండా దూసుకొస్తుంటే అది నిజంగానే టర్బైన్ లాగా గిర్రున తిరుగుతుంది. ఒక్క చుట్టుకు మూడు ఏటీపీలు తయారవుతాయి.

1961లో పీటర్ మిచెల్ ఈ ఆనకట్ట సంగతి చెప్పినప్పుడు తోటి శాస్త్రవేత్తలు చాలామంది ఒప్పుకోలేదు. ఆయన యూనివర్సిటీ వదిలి ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్‌లో ఒక పాత బంగళాను బాగుచేయించి, అక్కడే ప్రయోగశాల పెట్టుకుని పని కొనసాగించారు. 1978లో నోబెల్ వచ్చింది. టర్బైన్ ఎలా పనిచేస్తుందో తేల్చిన పాల్ బోయర్, జాన్ వాకర్‌లకు 1997లో వచ్చింది. అదే ఏడాది జపాన్ శాస్త్రవేత్తలు దానికి మెరిసే పోగు ఒకటి అతికించి, అది తిరుగుతుండగా మైక్రోస్కోప్‌లో చూపించారు.

మరి ఆక్సిజన్ ఎక్కడుంది? వరసలో చిట్టచివర. అలసిపోయిన ఎలక్ట్రాన్లను తీసుకుని, హైడ్రోజన్‌తో కలిసి నీరుగా మారడమే దాని పని. ఇంతేనా అనిపిస్తుంది. కానీ టోల్ గేటు దగ్గర ముందున్న బండి కదలకపోతే వెనక మైళ్ల దాకా ట్రాఫిక్ ఆగినట్టు, చివర ఆక్సిజన్ లేకపోతే వెనక మొత్తం గొలుసు ఆగిపోతుంది. ప్రోటాన్లు పోగవవు, టర్బైన్ తిరగదు.

లెక్క చూస్తే ఒక గ్లూకోజ్‌కు మొత్తం 30 నుంచి 32 ఏటీపీలు. అందులో ఆక్సిజన్ లేకుండా వచ్చేవి రెండే. శక్తిలో సుమారు మూడో వంతు ఏటీపీగా నిలుస్తుంది, మిగతాది వేడిగా పోతుంది. ఒళ్లు వెచ్చగా ఉండేది ఆ వేడితోనే.

గొలుసు తెగితే ప్రాణం మీదికి

శరీర బరువులో మెదడు రెండు శాతమే, కానీ విశ్రాంతిలో ఉన్నప్పుడు శక్తిలో దాదాపు 20 శాతం అదే వాడుతుంది. అందుకే గొలుసు ఆగితే ముందు దెబ్బ తినేది మెదడు. నాలుగైదు నిమిషాలు ఆక్సిజన్ అందకపోతే శాశ్వతంగా పాడవడం మొదలవుతుంది.

కార్బన్ మోనాక్సైడ్ ఆక్సిజన్‌ను కణం దాకా రానివ్వదు. ఎర్ర రక్తకణంలోని హీమోగ్లోబిన్‌కు ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. రంగు, వాసన లేవు. బాత్రూంలో బిగించిన గ్యాస్ గీజర్, తలుపులు మూసిన గదిలో చలికాలం పెట్టే బొగ్గుల కుంపటి, షట్టర్ వేసిన దుకాణంలో నడిచే జనరేటర్ దీన్ని వదులుతాయి. తలనొప్పి, తల తిరగడం, వాంతి వచ్చినట్టు ఉండటం మొదటి గుర్తులు. ఇంట్లో ఒకేసారి ఇద్దరు ముగ్గురికి అలా అయితే తిన్నది పడలేదేమో అనుకోకుండా వెంటనే అందరూ బయటికి రావాలి, 108కి ఫోన్ చేయాలి. వేలికి పెట్టే పల్స్ ఆక్సీమీటర్‌ను ఇక్కడ నమ్మకూడదు. అది కార్బన్ మోనాక్సైడ్ పట్టిన రక్తాన్ని కూడా ఆక్సిజన్ ఉన్న రక్తంగానే చూపిస్తుంది. గ్యాస్ గీజర్‌ను బాత్రూం బయట పెట్టి నీళ్లు మాత్రం పైపుతో లోపలికి తెచ్చుకోవాలి.

సెప్టిక్ ట్యాంకులు, మ్యాన్‌హోళ్లలో ఉండే హైడ్రోజన్ సల్ఫైడ్ ఇంకా లోతుగా దెబ్బకొడుతుంది. సైనైడ్ లాగే ఇది మైటోకాండ్రియాలో ఆక్సిజన్ ఎలక్ట్రాన్లను అందుకునే చివరి ప్రొటీన్‌నే బిగించేస్తుంది. రక్తంలో ఆక్సిజన్ ఉన్నా కణం వాడుకోలేదు. కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది కదా, కనిపెట్టొచ్చులే అనుకోవడం ప్రమాదం. మోతాదు పెరిగితే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. ఒకరు పడిపోతే కాపాడటానికి దిగిన రెండోవాడు, మూడోవాడు కూడా పడిపోయేది ఇందుకే. తాడు, మాస్కు, గాలి సిలిండర్ ఉన్న ఫైర్ సిబ్బంది వచ్చేదాకా ఎవరూ దిగకూడదు.

రక్షణ సామగ్రి లేకుండా మనుషులను మ్యాన్‌హోళ్లు, సెప్టిక్ ట్యాంకుల్లోకి దించడం 2013 చట్టం ప్రకారం నేరం. అలా చనిపోయినవారి కుటుంబానికి 30 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో చెప్పింది. అయినా "రెండు నిమిషాల పనే" అంటూ దించేవాళ్లు ఉన్నారు. పైన లెక్క చూస్తే, ఏటీపీ అయిపోవడానికి కొన్ని నిమిషాలు చాలు.

పాలిష్ బియ్యం, ఆగిన చక్రం

గాలి సరిగ్గానే ఉన్నా గొలుసు ఇంకోచోట ఆగొచ్చు. పైరువేట్ క్రెబ్స్ వలయంలోకి దిగాలంటే విటమిన్ బి1, అంటే థయామిన్, కావాలి. ఎన్ఏడీ బండి తయారయ్యేది బి3తో, ఎఫ్ఏడీ తయారయ్యేది బి2తో. బి1 లేకపోతే నరాలు, గుండె దెబ్బతినే బెరిబెరి వస్తుంది. బ్రిటిష్ కాలంలో మద్రాసు రాష్ట్రంలోని ఉత్తర సర్కారు జిల్లాలు, అంటే కోస్తా తెలుగు ప్రాంతం, ఈ జబ్బుకు పేరుపడ్డాయి. బి1 ఎక్కువగా ఉండేది బియ్యం పైపొరలో. తెల్లగా మెరిసేదాకా మర పట్టిస్తే అది తవుడుతో పాటు పోతుంది. ఉప్పుడు బియ్యంలో మాత్రం ఉడికించేటప్పుడే కొంత గింజ లోపలికి దిగుతుంది. పప్పు, గుడ్డు, మాంసం, చిరుధాన్యాలు పళ్లెంలో ఉంటే లోటు రాదు. వట్టి తెల్లన్నం మీదే బతికే ఇళ్లకు, మద్యానికి బానిసైనవాళ్లకు ఇప్పటికీ ఈ ముప్పు ఉంది.

రోజాలో, షుగర్‌లో జరిగేది

ఉపవాసం ఉన్నా కణాలు ఆగవు. రోజాలో సహరీ తర్వాత కొన్ని గంటలు తిన్నదే నడుస్తుంది. తర్వాత కాలేయం గ్లైకోజెన్‌ను కరిగించి రక్తంలోకి గ్లూకోజ్ వదులుతుంది. సాయంత్రానికి కొవ్వు వాటా పెరుగుతుంది. ఇఫ్తార్‌లో ఖర్జూరం త్వరగా పనిచేసేది అందులో ఎక్కువగా ఉన్నవి నేరుగా రక్తంలోకి వెళ్లే గ్లూకోజ్, ఫ్రక్టోజ్ కావడం వల్ల. ఆరోగ్యంగా ఉన్న మనిషికి ఇదంతా మామూలు ఖాతా మార్పిడే.

షుగర్ ఉన్నవాళ్ల సంగతి వేరు. ఇన్సులిన్ లేకపోతే, లేదా అది పనిచేయకపోతే, కండరం, కొవ్వు కణాల తలుపులు గ్లూకోజ్‌కు తెరుచుకోవు. రక్తంలో చక్కెర నిండుగా ఉంటుంది, కణం ఆకలితో ఉంటుంది. ఇన్సులిన్ దాదాపు లేనప్పుడు శరీరం కొవ్వును విపరీతంగా కరిగిస్తుంది. దాంతో కీటోన్లు పెరిగి రక్తం ఆమ్లంగా మారుతుంది. వాంతులు, కడుపునొప్పి, వేగంగా లోతైన ఊపిరి, నోట్లోంచి పండ్ల వాసన కనిపిస్తే అది ఎమర్జెన్సీ. ఇన్సులిన్ వాడేవాళ్లు, గర్భిణులు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు రమజాన్‌కు ముందే డాక్టర్‌ను కలిసి మందుల మోతాదు, వేళలు మార్పించుకోవాలి. షుగర్ 70 కంటే తగ్గినా, 300 దాటినా రోజా విరమించాలని మధుమేహ నిపుణుల మార్గదర్శకాలు చెబుతున్నాయి.

కొవ్వు ఎక్కడికి పోతుంది?

బరువు తగ్గినవాళ్ల కొవ్వు ఎటు పోయిందని అడిగితే చెమటలో అని కొందరు, వేడిగా మారిందని కొందరు అంటారు. 2014లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఇద్దరు ఆస్ట్రేలియా పరిశోధకులు లెక్క వేసి చూపించారు. 10 కిలోల కొవ్వు కరిగితే 8.4 కిలోలు కార్బన్ డయాక్సైడ్‌గా ఊపిరితిత్తుల్లోంచి, 1.6 కిలోలు నీరుగా పోతుంది. అలాగని వట్టినే గబగబా ఊపిరి తీస్తే కొవ్వు కరగదు, కళ్లు తిరుగుతాయి. కణాలు ఎక్కువ పని చేస్తేనే, లేదా తిండి తగ్గితేనే కొవ్వు ఖాతాలోంచి తీస్తారు.

ఈ గొలుసునే దొంగదారిలో వాడుకుందామని చూసిన మందు డీఎన్‌పీ. 1930ల్లో అమెరికాలో బరువు తగ్గించే మాత్రగా అమ్మారు. అది మైటోకాండ్రియా పొరకు చిల్లులు పెట్టినట్టు చేస్తుంది. ప్రోటాన్లు టర్బైన్ గుండా రాకుండా పక్కనుంచి కారిపోతాయి. ఆహారం కాలుతుంది, ఏటీపీ రాదు, అంతా వేడిగా మారుతుంది. బరువు నిజంగానే తగ్గింది. కానీ ఒళ్లు పొయ్యిలా కాలి కొందరు చనిపోయారు, కొందరికి కళ్లలో శుక్లాలు వచ్చాయి. 1938లో దాన్ని మనుషులకు పనికిరాదని అక్కడ ఆపేశారు. ఇంటర్నెట్‌లో "ఫ్యాట్ బర్నర్" పేరుతో ఇప్పటికీ దొంగచాటుగా దొరుకుతోంది, విదేశాల్లో మరణాలూ నమోదయ్యాయి. దీనికి విరుగుడు మందు లేదు. అందుకే లేబుల్ మీద ఏముందో తెలియని మాత్ర ఎవరు ఇచ్చినా, జిమ్ ట్రైనర్ ఇచ్చినా సరే, డాక్టర్‌కు చూపించకుండా మింగకూడదు.